ఎవరు చూశారని కాదు, ఆనవాలు ఏదని అడగండి

2017లో విశాఖపట్నంలో, పని నడుస్తున్న ఒక కట్టడంలో తీసిన వీడియో ప్రపంచమంతా తిరిగింది. గోడవారన నిటారుగా నిలబడ్డ పిల్లలు. పొడుగాటి కాళ్ళు, తెల్లటి ముఖం, నల్లటి కళ్ళు, ఒంటిమీద సరిగా ఈకలు కూడా లేవు. గ్రహాంతరవాసులు దిగారని రాసి పంపుకున్నారు జనం. అవి బార్న్ ఔల్ అనే గుడ్లగూబ పిల్లలు. పాత గుళ్ళలో, గోదాముల్లో, ఎవరూ కదిలించని అటకల మీద కాపురముండే పక్షి. ఎలుకల్ని తిని రైతుకు మేలు చేసే పక్షి.

ఆ వీడియో తీసినవాళ్ళను నేను తప్పు పట్టను. ఎన్నడూ చూడనిది కనబడింది, ఫోన్ తీశారు. చేయవలసిందే చేశారు. నా బాధంతా ఆ తర్వాత జరిగినదాని గురించి. నమ్మేవాళ్ళు చూడగానే నమ్మేశారు, నవ్వేవాళ్ళు చూడగానే నవ్వేశారు. ఇది దేని పిల్ల అయివుంటుంది, తల్లి ఎటు పోయింది, ఇప్పుడు వీటినేం చేయాలి అని అడిగినవాళ్ళు బహు తక్కువ.

నేను జంతుశాస్త్రం చదువుకున్నవాణ్ణి కాదు, నా ఉద్యోగం వేరు. సెలవు దొరికితే కడప, నంద్యాల వైపు పొదల అడవుల అంచుల్లో పిట్టల కోసం, సాలీళ్ళ కోసం తిరిగే ఒక చిన్న గుంపులో ఉన్నాను. ఇంకా ఎవరూ పేరు పెట్టని జీవులు, పోయాయనుకున్న జీవులు మన చుట్టూనే ఉన్నాయని నమ్మి తిరుగుతాం. ఈ పనిలో దిగినవాడికి దొంగ ఫొటోలు, కట్టుకథలు తప్పవు. వాటితో ఎలా మెలగాలన్నదాని మీద నాకొక గట్టి అభిప్రాయం ఏర్పడింది. మోసం బయటపడ్డ ప్రతిసారీ మనం "ఇకమీదట చదువుకున్నవాళ్ళు, పేరున్నవాళ్ళు చెబితేనే నమ్మాలి" అనుకుంటాం. అది సరైన పాఠం కాదు. పెద్ద మోసాలు పేరున్నవాళ్ళ చేతుల మీదుగానే సాగాయి. పెద్ద నిజాలు కొన్ని, అక్షరం రాని మనుషుల నోటి నుంచి వచ్చాయి. చెప్పినవాడి హోదా కాదు, అతను మనకు సరిచూసుకునే దారి ఇచ్చాడా లేదా అన్నదే చూడాలి.

మన దగ్గరి కథతోనే మొదలుపెడతాను. కలివికోడి అనే పిట్టను జెర్డన్ అనే ఆంగ్లేయ వైద్యుడు 1848 ప్రాంతంలో లోకానికి చూపించాడు. 1900లో అనంతపురం దగ్గర ఒకసారి కనబడింది. అంతే, ఆ తర్వాత ఎనభై ఏళ్ళకు పైగా ఎవరికీ దొరకలేదు. వెతికినవాళ్ళు వెతికారు, ఖాళీ చేతులతో తిరిగి వెళ్ళారు. 1980లలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ అనే పరిశోధకుడు కడప జిల్లాకు వచ్చి ఊరూరా ఆ పిట్ట బొమ్మ చూపిస్తూ అడిగాడు. ఐతన్న అనే వేటగాడు, ఆ పిట్ట తనకు తెలుసన్నాడు. 1986 జనవరిలో ఒక రాత్రి, రెడ్డిపల్లి దగ్గర పొదల్లో, టార్చి వెలుగుకు కదలకుండా నిలబడిపోయిన కలివికోడిని ఐతన్న పట్టి తెచ్చాడు. అది రాత్రిపూట తిరిగే పిట్ట. పగలు ఎంత గాలిస్తే ఏం లాభం?

ఈ కథను మనవాళ్ళు పరిశోధకుడి విజయంగా చెప్పుకుంటారు. నిజమే, బొమ్మ పట్టుకుని మనుషుల్ని అడగాలన్న ఆలోచన గొప్పది. కానీ నాకు ఇందులో అన్నిటికన్నా విలువైనది వేరే ఉంది. ఐతన్న "తెలుసు" అన్నప్పుడు అతన్ని ఎవరూ నెత్తిన పెట్టుకోలేదు, తోసిపుచ్చనూ లేదు. పిట్టను చూపించమన్నారు, అతను చూపించాడు. పట్టి తెచ్చిన పిట్ట బతకలేదు, ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. అయినా దాని నమూనా బొంబాయిలో భద్రంగా ఉంది. ఎవరికైనా అనుమానముంటే వెళ్ళి చూసుకోవచ్చు. ఆ ఆధారం మీదనే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం 1988లో ఏర్పడింది.

ఇప్పుడు రెండో కథ. ఇది మన రాష్ట్రాలది కాదు, కానీ మనలాగా వెతికేవాళ్ళందరూ తెలుసుకోవలసినది. ఫారెస్ట్ ఔలెట్ అని ఒక చిన్న గుడ్లగూబ ఉంది. ఊళ్ళలో చెట్ల తొర్రల్లో ఉండే పైడికంటెకు దగ్గరి చుట్టం. పైడికంటె నెత్తిమీద తెల్ల చుక్కలు నిండుగా ఉంటాయి, దీని నెత్తిమీద దాదాపు ఉండవు. గోళ్ళు బలంగా, తల పెద్దగా ఉంటుంది. 1872లో ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని బస్నా దగ్గర బ్లెవిట్ అనే అతను మొదటి పిట్టను సేకరించాడు, 1873లో హ్యూమ్ దానికి పేరు పెట్టాడు. 1880లలో జేమ్స్ డేవిడ్‌సన్ అనే అధికారి మహారాష్ట్రలోని ఖాందేశ్‌లో మరికొన్ని సేకరించాడు. మొత్తం ప్రపంచంలోని మ్యూజియాల్లో ఉన్నవి ఏడే నమూనాలు. వాటిలో ఆఖరిదిగా లెక్కలో ఉన్నది 1914లో గుజరాత్‌లోని మాండ్వి దగ్గర దొరికిందని చీటీ మీద రాసివుంది. ఆ చీటీ రాసినవాడు కల్నల్ రిచర్డ్ మైనర్ట్‌జాగెన్.

ఈయన సామాన్యుడు కాడు. బ్రిటిష్ సైన్యంలో పెద్ద పేరు, పక్షిశాస్త్రంలో అంతకన్నా పెద్ద పేరు. బ్రిటిష్ మ్యూజియానికి ఇరవై వేల దాకా పక్షి నమూనాలు ఇచ్చాడు. ఆయన మీద అనుమానం చాలా ముందు నుంచే ఉంది. నమూనాలు చెప్పకుండా పట్టుకెళ్తున్నాడని మ్యూజియంవాళ్ళు ఒకప్పుడు ఆయన్ని పక్షుల గదిలోకి రానివ్వడం కూడా మానేశారు. అయినా ఆ అనుమానం గదుల్లోనే ఉండిపోయింది, ఆయన రాసిన చీటీలు మాత్రం పుస్తకాల్లోకి ఎక్కాయి. 1990లలో పమేలా రాస్ముసెన్ అనే అమెరికన్ పరిశోధకురాలు ఆ నమూనాలను ఒక్కొక్కటే తిప్పి చూశారు.

పక్షి చర్మం ఒలిచి, దూది కూరి, కుట్టి ఆరబెట్టే పనిలో ప్రతి మనిషికీ ఒక చేతివాటం ఉంటుంది. ఏ దూది వాడాడు, ఎంత బిగించాడు, కుట్టు ఎలా వేశాడు, ఏ ఎముకను ఉంచి ఏది తీసేశాడు, ఇవన్నీ లోపల అలాగే ఉండిపోతాయి. పైకి సర్ది, కొత్త చీటీ కట్టినా లోపలి పనితనం మారదు. మాండ్విలో దొరికిందని రాసిన ఆ గుడ్లగూబ లోపల ఉన్నది డేవిడ్‌సన్ చేతిపని. అంటే 1880లలో ఖాందేశ్‌లో సేకరించి మ్యూజియంలో పెట్టిన పిట్టనే తీసుకెళ్ళి, మళ్ళీ సర్ది, 1914 అని, మాండ్వి అని, తన పేరని రాసి అదే మ్యూజియానికి దానం చేశాడు.

దీని వల్ల జరిగిన నష్టాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఒక జీవి కోసం వెతికేవాడికి మ్యాపు మీద ఉన్నవే మూడు నాలుగు చుక్కలు. అందులో అన్నిటికన్నా తాజాది దొంగ చుక్క. సలీం అలీ, డిల్లన్ రిప్లీ అంతటి పక్షిశాస్త్రవేత్తలు ఈ గుడ్లగూబ కోసం వెతికించారు, దొరకలేదు. అంతరించిపోయిందనే చాలామంది అనుకున్నారు. 1997 నవంబరులో రాస్ముసెన్, బెన్ కింగ్, డేవిడ్ అబట్ అనే ముగ్గురూ కలిసి బయల్దేరారు. మైనర్ట్‌జాగెన్ చీటీని పక్కనపెట్టి, నిజమైన పాత చోట్లకే వెళ్ళారు. ముందు తూర్పున చూశారు, దొరకలేదు. తర్వాత పశ్చిమాన, సాత్పురా కొండల అంచున షహాదా దగ్గరికి వెళ్ళారు. అక్కడ ఒక చెట్టు మీద, పట్టపగలు, నెత్తిమీద చుక్కలు లేని గుడ్లగూబ కూర్చుని ఉంది. డేవిడ్‌సన్ ఆఖరి పిట్టను సేకరించిన 113 ఏళ్ళకు.

అబద్ధపు చీటీ ఒక ఐతన్న రాసివుంటే మొదటి రోజే నాలుగు ప్రశ్నలు అడిగేవాళ్ళు. కల్నల్ రాశాడు కాబట్టి ఎవరూ చాలాకాలం అడగలేదు. నాకు కోపం తెప్పించేది ఇదే.

స్కాట్లండ్‌లోని లాక్ నెస్ సరస్సులో ఉందని చెప్పుకునే వింత జంతువు సంగతి కూడా ఇంతే. 1933 చివర్లో డైలీ మెయిల్ పత్రిక మార్మడ్యూక్ వెదరెల్ అనే వేటగాణ్ణి అక్కడికి పంపింది. అతనికి ఒడ్డున పెద్ద అడుగుజాడలు కనబడ్డాయి. వాటి అచ్చులు లండన్ మ్యూజియానికి పంపితే, నీటిగుర్రం కాలివని తేలింది, అదీ ఎండబెట్టిన కాలుతో వేసినవని. కొన్ని వారాల్లోనే వ్యవహారం ముగిసింది. పరువు పోయిన వెదరెల్ ఈసారి పద్ధతి మార్చాడు. బొమ్మ సబ్‌మెరైన్‌కు మెడా తలా అతికించి, నీళ్ళలో వదిలి ఫొటో తీయించి, ఆ ఫొటోను రాబర్ట్ కెన్నెత్ విల్సన్ అనే డాక్టరు చేత పత్రికకు ఇప్పించాడు. 1934 ఏప్రిల్‌లో అచ్చయింది. మర్యాదస్తుడైన డాక్టరు అబద్ధమెందుకు ఆడతాడని లోకం నమ్మింది. అరవై ఏళ్ళ తర్వాత, 1994లో, ఆ బొమ్మను తయారుచేసిన వెదరెల్ సవతి కొడుకు ఒప్పుకోలుతో గుట్టు బయటికొచ్చింది. అడుగుజాడల మోసం వారాల్లో తేలింది, ఎందుకంటే అచ్చు చేతిలో ఉంది. ఫొటో మోసం అరవై ఏళ్ళు బతికింది, ఎందుకంటే చేతిలో ఉన్నది డాక్టరుగారి మాట మాత్రమే.

2008లో అమెరికాలోని జార్జియాలో ఇద్దరు మనుషులు, అడవుల్లో మనిషిలా నడుస్తుందని చెప్పుకునే వింత జంతువు బిగ్‌ఫుట్ శవం తమ ఫ్రీజర్లో ఉందని విలేకరుల్ని పిలిచి మరీ చెప్పారు. మంచు కరిగించి చూస్తే రబ్బరు వేషం. కొద్ది రోజుల్లోనే అది బయటపెట్టింది ఎవరనుకున్నారు? బిగ్‌ఫుట్ ఉందని నమ్మి వెతికేవాళ్ళే. నమ్మకం ఉన్నంత మాత్రాన మోసపోతారన్నది తప్పు. దగ్గరికెళ్ళి చూసే ఓపిక ఉంటే నమ్మకం అడ్డేమీ కాదు.

మన ఊళ్ళలో మోసానికి ఇంకో ముఖం ఉంది, డబ్బు ముఖం. రెండు తలల పాము అని కోట్ల బేరాలు మాట్లాడే ముఠాల వార్తలు చదువుతూనే ఉంటాం. దానికి రెండు తలలు లేవు. తోక మొద్దుగా, తలలాగే కనబడే విషం లేని మట్టి పాము అది, చేలో ఎలుకలు తింటుంది. ఇంట్లో పెడితే లక్ష్మి వస్తుందని ఒకరు, మందుకు పనికొస్తుందని ఇంకొకరు చెప్పగా విని, అప్పు చేసి డబ్బు కట్టినవాళ్ళున్నారు. తోక మీద కాల్చి, కళ్ళూ నోరూ ఉన్నట్టు గుర్తులు పెట్టేవాళ్ళున్నారు. పాముకు నరకం, కొన్నవాడికి అప్పు, పట్టుబడితే వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు. లాక్ నెస్ ఫొటో చూసి నవ్వుకోవచ్చు, దీన్ని చూసి నవ్వలేం.

మా గుంపుకు ఫోన్లో వచ్చే ఫొటోల సంగతి చెబుతాను. "కలివికోడి దొరికింది" అంటూ వచ్చేవాటిలో ఎక్కువ భాగం ఇండియన్ కోర్సర్ అనే పిట్ట ఫొటోలు. తప్పేమీ లేదు, రెండూ ఒకే కుటుంబం. చూడవలసింది రొమ్ము. కలివికోడికి మెడ కింద ఇటుకరంగు మచ్చ, దాని కింద రొమ్ము మీద అడ్డంగా రెండు గోధుమరంగు పట్టీలు ఉంటాయి. ఇండియన్ కోర్సర్‌కు పట్టీలుండవు, రొమ్మంతా ఒకే ఇటుకరంగు, పొట్ట మీద నల్ల మచ్చ. పైగా ఇది మిట్టమధ్యాహ్నం బీడు భూమిలో తిరుగుతుంది. పంపినవాళ్ళకు ఇది చెబితే సంతోషిస్తారు, మళ్ళీసారి ఇంకా శ్రద్ధగా తీస్తారు.

ఒకసారి మాత్రం పట్టీలు చక్కగా కనబడే ఫొటో వచ్చింది. అందరికీ గుండె వేగం పెరిగింది. పెద్దది చేసి చూస్తే, పిట్ట కాళ్ళ పక్కన ఒక గడ్డిపరక వంకర తిరిగి ఉంది. ఆ వంకర నాకు తెలుసు. ఎన్నో ఏళ్ళుగా అందరూ చూస్తున్న ఒక పాత ఫొటోలో అదే పరక, అదే వంకర, కాకపోతే కుడివైపు. ఫొటోను అద్దంలో చూపినట్టు తిప్పి, అంచులు కత్తిరించి, రంగు కొంచెం మార్చారు. పంపినతన్ని మేం తిట్టలేదు. ఫోన్లోంచి నేరుగా అసలు ఫైలు పంపమన్నాం, దానికి ముందూ వెనకా తీసిన ఫొటోలు అడిగాం, ఎక్కడ నిలబడి తీశావో చూపించు తమ్ముడూ, మేమే వస్తామన్నాం. జవాబు రాలేదు. రాత్రంతా ఆ గుంపులో వాదించుకుంటూ కూర్చునే పని తప్పింది. ఇప్పుడు కంప్యూటరు గీసి ఇచ్చే బొమ్మలొచ్చాయి, గడ్డిపరక కూడా కొత్తగా గీస్తుంది. అయినా ముందూ వెనకా ఫొటోలు, చోటు, వేళ, పక్కనున్న సాక్షి, వీటిని అడిగితే దొంగ బొమ్మ ఎక్కువ దూరం నడవలేదు.

ఎగతాళి వల్ల కలిగే నష్టం కూడా ఇక్కడే చెప్పాలి. బద్వేలు వైపు ఒక గొర్రెల కాపరి పెద్దాయన దగ్గర కూర్చుని పిట్టల బొమ్మలు చూపిస్తుంటే, ఆయన చాలాసేపు ఏమీ తెలియదనే అన్నాడు. టీ తాగాక నెమ్మదిగా నోరు విప్పాడు.

"పొద్దు గూకినాక కంపల్లో ఉరికే పిట్టే కదా సామీ? మా నాయనతో పోయేటప్పుడు చూసినా."

"మరి ఇందాక తెలీదన్నావే పెద్దాయనా?"

"చెప్తే నగుతారు. పోయినసారి ఎవురో వచ్చి, తాగినావా అని అడిగినారు."

ఆ మాట నన్ను చాలాకాలం వెంటాడింది. ఒక మోసగాడు పదిమందిని మోసం చేస్తాడు. ఒక వెక్కిరింత, నిజం తెలిసిన మనిషి నోరు మూయిస్తుంది. పెద్దాయన చూసింది కలివికోడేనని నేను అనడం లేదు. ఏ కాలంలో, ఏ వంక దగ్గర, ఎగిరిందా ఉరికిందా, ఎలా అరిచింది, ఆయన చెప్పినది చెప్పినట్టు రాసుకున్నాం. వెళ్ళి చూడదగ్గ చోటుగా గుర్తు పెట్టుకున్నాం. సాక్ష్యానికి ఇవ్వవలసిన మర్యాద అదే.

కలివికోడి విషయంలో ఆ తర్వాత జరిగిన పని చూస్తే ఓపిక ఎంత విలువైనదో తెలుస్తుంది. పిట్టను పట్టకుండా, భయపెట్టకుండా ఉందో లేదో తెలుసుకోవడానికి పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి బాటలు చేశారు. తెల్లారి వెళ్ళి అడుగులు చూసేవారు. ఈ జాతి పిట్టలకు ముందు మూడు వేళ్ళే, వెనక వేలుండదు. దాంతో పాటు ఆటోమేటిక్ కెమెరాలు పెట్టారు. చీకటి పడ్డాక కాసేపే వినిపించే దాని అరుపును రికార్డు చేసి, ఆ అరుపును వినిపించి జవాబు కోసం చెవి ఒగ్గారు. ఇలా కూడబెట్టిన వివరాలు ఉండబట్టే, తెలుగుగంగ కాలువ ఆ పొదల మీదుగా తవ్వుతున్నప్పుడు ఆపమని అడగగలిగారు, కాలువ దారి మళ్ళింది. చూశామని ప్రమాణం చేస్తే కాలువ మళ్ళదు. 2025 ఆగస్టులో, పదేళ్ళకు పైగా ఏ నిర్ధారణా లేకుండా గడిచాక, కడప జిల్లాలోనే దాని గొంతు మళ్ళీ రికార్డయింది. ఆ వార్త విన్న రోజు నాకు పండగ.

చెప్పినదాన్ని సరిచూసుకునే దారి ఉండాలంటున్నాను కదా, మరి చోటు అందరికీ చెప్పేయాలా? ఇది నిజంగా చిక్కు ప్రశ్న. గుత్తి సాలీడు కథ చూడండి. నెమలికంఠం రంగులో మెరిసే పెద్ద సాలీడు. 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త దీన్ని వర్ణించాడు. ఆధారం ఒక్కటే, గుత్తిలో రైల్వే కలప యార్డులో దొరికిన సాలీడు. అది ఉండే అసలు చోటు గుత్తి కానే కాదు, ఏ అడవి దుంగతోనో రైలెక్కి వచ్చివుంటుంది. నూటరెండేళ్ళ తర్వాత, 2001లో, నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో దొరికింది. దాని ఫొటో చూపిస్తే ఇప్పటికీ ఎడిటింగ్ అంటారు, అంత నీలం. కానీ చోటు తెలిశాక ఏం జరిగింది? విదేశాల్లో సాలీళ్ళు పెంచుకునేవాళ్ళ మధ్య అది అమ్మకపు సరుకైంది. ఇక్కడ అది బతికే ముసలి చెట్లేమో తగ్గిపోతున్నాయి.

అందుకని నేననేది ఇది: చోటు రాసి తీరాలి, కానీ ఊరంతా చాటనక్కర్లేదు. పూర్తి వివరం అటవీశాఖకూ, ఆ జీవి మీద పనిచేసే పరిశోధకులకూ ఇవ్వాలి. బయటికి జిల్లా పేరు చాలు. ఎవరికీ చెప్పనంటే మాత్రం ఒప్పుకోను. మైనర్ట్‌జాగెన్‌లాంటివాళ్ళు బతికేది అలాంటి చీకట్లోనే.

ఇంకొక మాట. దొరకలేదన్నది కూడా రాయాలి. ఫలానా వంక దగ్గర, ఫలానా నెలలో, చీకటి పడ్డాక రెండు గంటలు ఉన్నాం, వెన్నెల ఉంది, గాలి ఎక్కువ, ఏమీ వినబడలేదు అని రాస్తే, వచ్చే ఏడాది వెళ్ళేవాడికి అది పనికొస్తుంది. 2018లో న్యూజిలాండ్ శాస్త్రవేత్త నీల్ గెమ్మెల్ బృందం లాక్ నెస్ నీళ్ళలో కలిసివున్న డీఎన్ఏను వడకట్టి చూసింది. సరీసృపాల జాడ ఏమాత్రం లేదు, ఈల్ చేపల జాడ మాత్రం ఎక్కడ ముంచినా ఉంది. ఆ సరస్సు గురించి వందల ఫొటోలు చెప్పలేనిది ఆ లేదన్న ఫలితం చెప్పింది.

కొత్త జీవులు దొరికే రోజులు పోలేదు. లాక్‌డౌన్‌లో హిమాచల్ ప్రదేశ్‌లోని చంబాలో ఒక విద్యార్థి ఇంటి దగ్గర కనబడ్డ పాము ఫొటో ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాడు. అది చూసిన పరిశోధకులు అతనితో కలిసి పనిచేసి, 2021లో కొత్త జాతిగా ప్రకటించారు. అతను చేసింది అడవులు గాలించడం కాదు, కనబడ్డదాన్ని శుభ్రంగా ఫొటో తీసి, అడిగినవాళ్ళకు దాపరికం లేకుండా జవాబు చెప్పడం.

కడప, నంద్యాల, ప్రకాశం జిల్లాల్లో ఉండేవాళ్ళను ఒకటి అడుగుతున్నాను. ఐతన్న తరం మనుషులు, రాత్రిళ్ళు దీపం పట్టుకుని పొదల్లో తిరిగినవాళ్ళు, మీ ఊళ్ళలో ఇంకా కొందరున్నారు. వయసు మళ్ళుతోంది. వాళ్ళ దగ్గర కూర్చోండి. ఫోన్లో రికార్డు చేసుకుంటామని చెప్పి, ఒప్పుకుంటేనే చేయండి. పిట్ట పేరు ముందు మీరు చెప్పొద్దు, బొమ్మలన్నీ కలిపి ముందు పెట్టి, ఏవి తెలుసో వాళ్ళనే తీయమనండి. ఎక్కడ చూశారో, ఏ నెలలో చూశారో, ఎలా అరిచేదో వాళ్ళ మాటల్లోనే ఉంచండి. రాత్రిపూట అభయారణ్యంలోకి మాత్రం అనుమతి లేకుండా వెళ్ళకండి.